నవోదయ ప్రవేశములు: పరీక్ష బిడ్డకా, తండ్రికా?

తొలకరి వానలు పడి నాట్లు సాగు దినములలో, ఐదవ తరగతి చదువు బిడ్డలుగల గృహములయందు ఇటీవల ఏటేట నొక యలజడి బయలుదేరుచున్నది. జవాహర్ నవోదయ విద్యాలయములలో ఆరవ తరగతి ప్రవేశమునకు దరఖాస్తులు స్వీకరించు కాలమది. గడువెన్నడు ముగియును? ఏయే పత్రములు జతపరుపవలెను? ప్రధానోపాధ్యాయుని సంతకమెక్కడ చేయింపవలెను? గ్రామీణ ధ్రువపత్రము తహసీలుదారు నొద్ద లభించునా? ఈ ప్రశ్నలతో తలిదండ్రులు బడి చుట్టును, మీసేవ కేంద్రముల చుట్టును తిరుగుచుందురు. ఇది యేదో పదియేండ్ల పిల్లల బడి వ్యవహారమని తలంచి పెద్దలు దీనిని తేలికగా త్రోసివేయుదురు. మా యభిప్రాయమది కాదు. ఒక జాతి తన బిడ్డలలోని ప్రతిభను ఏ ద్వారమున వెదకుచున్నది, ఆ ద్వారము నెవరికి తెరచి యెవరికి మూయుచున్నది అను ప్రశ్న ఇందులో నిమిడియున్నది.

ఈ విద్యాలయముల చరిత్రలో తెలుగువారికి గర్వకారణమైన భాగము కలదు. 1911లో గోపాలకృష్ణ గోఖలేగారు ప్రాథమిక విద్యను నిర్బంధము చేయుటకై బిల్లును ప్రతిపాదింపగా, ఆనాటి పరప్రభుత్వము మరుసటి సంవత్సరము దానిని త్రోసిపుచ్చినది. పల్లెటూరి బిడ్డకు చదువేల యనుటయే యానాటి పాలకుల భావము. స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఆ భావమునకు ప్రత్యుత్తరముగా మనరాష్ట్రమున నొక ప్రయోగము జరిగినది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో పి.వి. నరసింహారావుగారి చొరవతో తొలి గురుకుల పాఠశాల వెలసినది. మరుసటి సంవత్సరము గుంటూరు జిల్లా తాడికొండలోను, అనంతపురము జిల్లా కొడిగెనహళ్లిలోను అట్టివే స్థాపింపబడినవి. పల్లెలలోని చురుకైన బిడ్డలను చేరదీసి, కూడు గుడ్డ లిచ్చి, ఉపాధ్యాయుల సన్నిధిని నిలిపి చదివించుటయే వాని యుద్దేశము. 1985లో నరసింహారావుగారు కేంద్రమున మానవ వనరుల మంత్రియైనప్పుడు ఆ తలంపు దేశవ్యాప్తమైనది. 1985-86లో హర్యానాలోని ఝజ్జర్‌లోను, మహారాష్ట్రములోని అమరావతిలోను రెండు పాఠశాలలు ప్రయోగముగా తెరువబడెను. 1986 జాతీయ విద్యావిధానము వానికి స్థిరరూప మిచ్చెను. అవి నేడు ఆరువందల యేబదికి మించినవి. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము దేశమునకు మరి 28 నవోదయలను మంజూరు చేయగా, వానిలో ఏడు తెలంగాణ జిల్లాలకు లభించినవి. తమిళనాడు మాత్రము భాషావిధానమును గూర్చిన యభ్యంతరముతో వీనిని స్వీకరింపలేదు.

ఒక సీటు లభించిన యెడల నేమగును? ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు బిడ్డకు వసతి, భోజనము, దుస్తులు, పుస్తకములు ఉచితము. తొమ్మిదవ తరగతి నుండి కొందఱు పిల్లలనుండి స్వల్పమైన నెలసరి చందా పుచ్చుకొందురు గాని, బాలికలకును, షెడ్యూల్డు కులముల తెగల వారికిని, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబములకును అదియు లేదు. తొలి తరగతులలో బోధన మాతృభాషలో జరుగును. తొమ్మిదవ తరగతిలో కొందఱు పిల్లలు ఒక యేడాది పాటు హిందీ ప్రాంతపు నవోదయకు పోయి చదివెదరు. అచ్చటివారు ఇచ్చటికి వచ్చెదరు. దినకూలిపై బ్రదుకు కుటుంబమునకు ఇట్టి విద్య కొనదగిన వస్తువు కాదు. అది వరమువలె రావలసినదే. అందుచేతనే ఒక్కొక్క పాఠశాలలో గల 80 సీట్లకై వేలకొలది బిడ్డలు పోటీపడుచున్నారు. దేశమంతటను గల సీట్లు సుమారు ఏబదివేలు. పరీక్షకు పేరు నమోదు చేసికొనువారు అనేక లక్షలు.

ఇక దరఖాస్తు సంగతి విచారింతము. బిడ్డ ఏ జిల్లాలో ప్రవేశము కోరునో ఆ జిల్లాలోనే నివసించి, ఆ జిల్లాలోనే గుర్తింపుగల పాఠశాలలో ఐదవ తరగతి చదువుచుండవలెను. నిర్ణీతమైన జన్మతేదీల నడుమ పుట్టియుండవలెను. ఈ పరీక్షను జీవితములో ఒక్కసారియే వ్రాయవచ్చును. రెండవసారి యర్హత లేదు. సీట్లలో నూటికి 75 గ్రామీణ బిడ్డలవి. అనగా ఎనుబదిలో అరువది. మూడవవంతు బాలికలకు ప్రత్యేకింపబడినది. షెడ్యూల్డు కులములకు, తెగలకు జిల్లా జనసంఖ్యను బట్టియు, వెనుకబడిన తరగతులకు నూటికి 27 చొప్పునను స్థానములు కలవు. దరఖాస్తు కేవలము ఆన్‌లైనులోనే. బిడ్డ ఛాయాచిత్రము, బిడ్డ సంతకము, తండ్రి సంతకము, ప్రధానోపాధ్యాయుడు ధ్రువపరచిన పత్రము నిర్ణీతమైన పరిమాణమునకు కుదించి ఎక్కింపవలెను. రుసుము లేదు. కాగితముపై చూచినచో ఇంతకంటె న్యాయమైన యేర్పాటు వేరొకటి లేదనిపించును.

కాని ఒకే గ్రామమున నిద్దఱు తండ్రులను తలంచుకొనుడు. మొదటివాడు పది యెకరముల రైతు. ఆయన తమ్ముడు పట్టణమున నుద్యోగి. నవోదయ ప్రకటన వెలువడిన నాటి సాయంకాలమే ఆయన ఫోనునకు వార్త చేరును. కుమారుని మూడవ తరగతినాడే పట్టణములోని శిక్షణాలయమున చేర్చియుండెను. అయినను బిడ్డ పేరు ఊరి బడి రిజిస్టరులో నున్నది. ఆ పేరు గ్రామీణ స్థానమునకు హక్కు సంపాదించుచున్నది. పరీక్ష నాటికి ఆ బాలుడు నమూనా ప్రశ్నపత్రములు నూఱింటికి మించి వ్రాసియుండును. రెండవవాడు ఆ రైతు పొలముననే నాట్లువేయు కూలి. దరఖాస్తు పెట్టు నెలలలో ఆయనకును భార్యకును తెల్లవారక మునుపే పని. మీసేవ కేంద్రమునకు పోయి నిలుచుండిన ఆ దినము కూలి పోవును. పోయినను ఆధారులో పేరొక తీరుగను, బడి రిజిస్టరులో నింకొక తీరుగను ఉన్నచో మరల రావలయును. ప్రధానోపాధ్యాయుడు శ్రద్ధగలవాడైనచో పని యగును. ఒక్క ఉపాధ్యాయుడు ఐదు తరగతులను మోయు బడిలో ఆయనకు మాత్రము తీరిక యేది? గడువు దాటును. ఆ బిడ్డ ఓడిపోలేదు, పరీక్షయే వ్రాయలేదు. ఆ బిడ్డ తెలివి ఎట్టిదో ఇక నెవ్వరికిని తెలియదు. ఇంతకంటె నష్టము మఱేమి కలదు?

వలసపోవు కుటుంబముల గతి ఇంకను శోచనీయము. గ్రామీణ స్థానము కోరు బిడ్డ మూడు, నాలుగు, ఐదు తరగతులను పల్లెటూరి బడిలోనే, ప్రతి తరగతిని పూర్తి సంవత్సరము చదివియుండవలెనని నియమము. ఆ మూడు తరగతులలో ఒక్క దినము పట్టణప్రాంతపు బడిలో చదివినను ఆ బిడ్డ పట్టణవాసిగా పరిగణింపబడును. ఈ నియమముయొక్క యుద్దేశము మంచిదే. పట్టణపు బిడ్డలు పల్లెవారి వాటాను కాజేయకుండుటకే అది పుట్టినది. కాని దాని ఫలమెవరికి తగులుచున్నది? పాలమూరునుండి, అనంతపురమునుండి, శ్రీకాకుళమునుండి భవననిర్మాణపు పనులకై నగరములకు వలసవెళ్లు కూలీలు బిడ్డను వెంటబెట్టుకొని పోయి, చదువు చెడరాదని అచ్చటి సర్కారు బడిలో నాలుగు నెలలు కూర్చుండబెట్టినచో, ఆ బిడ్డ పట్టణవాసి యగుచున్నాడు. రేకుల గుడిసెలో వసించిన యాతడు పట్టణవాసి! నిత్యము పట్టణపు శిక్షణాలయమున చదువుచు పల్లెటూరి రిజిస్టరులో పేరు మాత్రము నిలుపుకొన్నవాడు గ్రామీణుడు! నియమము కాగితమును చూచుచున్నది గాని బిడ్డను చూచుట లేదు. బిడ్డను బడికి పంపిన తండ్రి దండింపబడుచున్నాడు. వలసపోయి బడి మాన్పించిన తండ్రికిని, పూర్తి సంవత్సరము చదువలేదను కారణమున, అదియే శిక్ష.

పరీక్షయందైనను సమత్వమున్నదా? రెండు గంటలలో ఎనుబది ప్రశ్నలు, నూఱు మార్కులు. అందులో సగము మానసిక సామర్థ్యమునకు సంబంధించినవి. బొమ్మలలో వేరైనదానిని గుర్తించుట, అద్దములోని ప్రతిబింబమును పోల్చుట, మడిచిన కాగితమును విప్పిన నెట్లుండునో చెప్పుట మొదలగు ప్రశ్నలవి. తక్కిన సగము గణితమునకును, భాషకును. చదివిన చదువును గాక సహజబుద్ధిని తూచవలెనని బొమ్మల ప్రశ్నలను పెట్టిరి. ఉద్దేశము ప్రశంసనీయమే. అయినను అలవాటు బుద్ధికి తోడై వచ్చునని యెవరెఱుగరు? అట్టి బొమ్మలను రెండేండ్లు సాధనచేసిన బిడ్డకును, పరీక్షశాలలోనే మొదటిసారి చూచిన బిడ్డకును పోటీ పెట్టి, గెలిచినవాడే ప్రతిభావంతుడనుట, ఈతకొలనున పెరిగినవానిని, మెట్టపొలమున పెరిగినవానిని ఒకే యేటిలో దింపి పందెము వేయుటవంటిది.

"పరీక్ష యందఱికి నొక్కటియే. ఎవరు కష్టపడిన వారు గెలుతురు. తండ్రి శ్రద్ధ తీసికొనుట నేరమా?" అని కొందఱు మిత్రులు మమ్మడుగవచ్చును. శ్రద్ధ నేరము కాదు. తన బిడ్డకై తపింపని తండ్రి నెవరు మెచ్చుకొందురు? పదియెకరముల రైతును మేము నిందించుట లేదు; న్యాయముగా తన వాటాలో పోటీపడినంత కాలము ఆయన శ్రద్ధ శ్లాఘ్యమే. మేము నిందించునది ఆ శ్రద్ధనే ప్రతిభగా లెక్కించు ఏర్పాటును. బిడ్డయొక్క బుద్ధిని కనుగొనుటకై పెట్టిన పరీక్ష తండ్రియొక్క తీరికను, పలుకుబడిని, ఫోనును, పట్టణమున గల బంధువును కొలుచుచున్నచో, ఆ పరీక్ష తన పేరునకు తానే ద్రోహము చేయుచున్నది. అడుగనిదే అమ్మయైనను పెట్టదను సామెత గృహమున చెల్లునేమో గాని, ప్రజాప్రభుత్వమునకు చెల్లదు.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. అమెరికాలో ప్రతిభావంతులైన బిడ్డలకు ప్రత్యేక తరగతులు కలవు. అచ్చట స్థిరపడిన మన తెలుగు కుటుంబములును తమ బిడ్డలకై వానికి దరఖాస్తులు పెట్టుచుండుట చాలమంది పాఠకు లెఱిగినదే. న్యూయార్కు నగరములో నాలుగేండ్ల శిశువులకు పరీక్ష పెట్టుచుండిరి. తలిదండ్రులు శిశువులకు శిక్షణపుస్తకములు కొని, ఉపాధ్యాయులను నియమించుకొనుచుండిరి. 2021లో ఆ పరీక్షను మాని, ఉపాధ్యాయుల సిఫారసు పొందిన బిడ్డలనుండి చీట్లువేసి యెన్నుకొను పద్ధతికి మారిరి. దీనికంటె ముఖ్యమైన యనుభవము ఫ్లారిడా రాష్ట్రమున బ్రోవార్డ్ కౌంటీలో కలిగినది. అచ్చట పూర్వము తలిదండ్రులో ఉపాధ్యాయులో పేరు సూచించిన బిడ్డలనే పరీక్షించుచుండిరి. 2005లో రెండవ తరగతి బిడ్డల నందఱిని, ఎవరును అడుగకయే, పరీక్షింప నారంభించిరి. అంతకుముందు కంటబడని పేదబిడ్డలు, నల్లజాతి బిడ్డలు, స్పానిషు మాటలాడు కుటుంబముల బిడ్డలు పెక్కుమంది అర్హులుగా తేలిరి. అర్హతయొక్క ప్రమాణమును తగ్గించుట వలన గాదు; వెదకుట వలననే యట్లయినది. ధనము కొరతవడి ఆ పద్ధతిని విరమింపగా మరల వారి సంఖ్య తగ్గిపోయెను. డేవిడ్ కార్డ్, లారా జూలియానో అను అర్థశాస్త్రజ్ఞులు 2016లో ఈ సంగతిని ప్రకటించిరి. ప్రతిభ పేదయింట లేకపోలేదు. మనము తలుపు తట్టుటయే లేదు. ఇదియే దాని సారాంశము.

మఱియొక యాక్షేపణయు కలదు. ఊరి బడిలోని నలుగురు తెలివిగల బిడ్డలను ఏరి కొనిపోయినచో ఆ బడి గతియేమి? తక్కిన బిడ్డల చదువునకు దిక్కెవరు? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ప్రత్యేక పాఠశాలలు సామాన్య పాఠశాలల లోటును కప్పిపుచ్చు ముసుగులు కారాదు. 2020 జాతీయ విద్యావిధానము సయితము ప్రతిభగల బిడ్డలను ఊరి బడిలోనే గుర్తించి, విషయసంఘములద్వారా, సెలవులలోని వసతి శిబిరములద్వారా వారిని ప్రోత్సహింపవలెనని చెప్పినది. ఆ మాట యాచరణలోనికి రావలెను. కాని అది వచ్చువఱకు ఉన్న ద్వారమును మూయుమనుట వివేకము కాదు. ఒక్క ద్వారమే యున్నప్పుడు అది న్యాయముగా తెరువబడుట మఱింత యవసరము. 1963లో పుట్టి పెక్కు తరముల విద్యార్థులను ప్రోత్సహించిన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష 2021లో గడువు తీరి నిలిచిపోయిన సంగతిని మరువరాదు. ద్వారములు తఱుగుచున్న కాలమున నున్నవానిని కాపాడుకొనవలెను.

కావలసినదేమి? మొదటిది: దరఖాస్తు పెట్టు భారము తలిదండ్రులపైనుండి తొలగవలెను. ఐదవ తరగతి బిడ్డల పేర్లు, జన్మతేదీలు, బడి వివరములు ప్రభుత్వపు లెక్కలలో నున్నవే. ప్రతి సర్కారు బడియు, ప్రతి ఎయిడెడు బడియు అర్హులైన బిడ్డలందఱి పేర్లను తామే నమోదుచేసి, వద్దన్నవారి పేర్లను మాత్రము తొలగింపవలెను. ఇందుకు క్రొత్త చట్టము వలయునని మాకు తోచదు, సంకల్పము చాలును. రెండవది: పరీక్షకు ముందు రెండు వారములు బడిలోనే ఆ బొమ్మల ప్రశ్నలను, జవాబుపత్రములోని వృత్తములను నల్లచేయు విధానమును బిడ్డలందఱికి పరిచయము చేయవలెను. ఈ స్వల్ప సాయము శిక్షణాలయముల బలమును పూర్తిగా తగ్గింపజాలదు. అయినను మొదటిసారి చూచు భయమును తొలగించును. మూడవది: వలసకూలీల బిడ్డలకు ఒక్క దినపు నియమమునుండి మినహాయింపు నిచ్చి, కుటుంబముయొక్క స్థిరనివాసమును బట్టి గ్రామీణుడో కాదో నిర్ణయింపవలెను. నాలుగవది: రిజిస్టరులో పేరుండుట చాలదు. హాజరును పరిశీలింపవలెను. పల్లె పేరుతో పట్టణమున చదువు బిడ్డలకు గ్రామీణ స్థానము నిచ్చుట ఆపవలెను.

తలిదండ్రులకును రెండు మాటలు చెప్పవలసియున్నది. ఎనుబది స్థానములకు వేలమంది పోటీపడినప్పుడు సీటు రాని బిడ్డలే యెక్కువ. ఆ బిడ్డలు మందబుద్ధులు కారు. పదియేండ్ల బిడ్డను "నీవు తప్పితివి" అని ముద్రవేసి ఇంట కూర్చుండబెట్టిన, ఆ మాట వాని మనసున నాటుకొని జీవితాంతము వెంటాడును. ఆటలు మాన్పించి, మూడవ తరగతినుండియే తెల్లవారుజామున లేపి కూర్చుండబెట్టుటయు మాకు సమ్మతము కాదు. ఈ ద్వారము మూసికొన్నను వేరు మార్గములు కలవు. ఎనిమిదవ తరగతిలో సర్కారు, ఎయిడెడు బడుల బిడ్డలకు జాతీయ ఉపకారవేతన పరీక్ష కలదు. కుటుంబాదాయము మూడున్నర లక్షలకు మించని వారు అర్హులు. గెలిచినవారికి తొమ్మిది మొదలు పండ్రెండు వఱకు ఏటికి 12,000 రూపాయలు లభించును. రెండు రాష్ట్రములలోను గురుకులములు కలవు. ఒక్క పరీక్షతో బిడ్డ భాగ్యము తెల్లవారదు, చీకటి పడదు.

మా పాఠకులలో భూములుగలవారు, పట్టణములలో వృత్తులు చేయువారు, పదవులలో నున్నవారు పెక్కుమంది కలరు. మీ బిడ్డల దరఖాస్తు మీరెట్లును పెట్టెదరు. ఈసారి గడువు ముగియకముందు మీ పొలమున పనిచేయు వాని ఇంటిలో, మీ వీధినూడ్చునామె ఇంటిలో ఐదవ తరగతి బిడ్డ యున్నదేమో విచారింపుడు. ఉన్నచో మీ ఫోనునుండియే ఆ దరఖాస్తును నింపుడు. ప్రధానోపాధ్యాయుని సంతకమునకై ఆ తండ్రిని పనిమాన్పించి, ఆనాటి కూలి తఱుగక చెల్లించి, మీ బండిమీదనే తీసికొనిపొండు. మీకు పట్టునది ఒక్క పూట. మీ వాటా కాని గ్రామీణ స్థానమును కాగితముపై సంపాదింప యత్నింపకుడు. ఆ స్థానము మీ పొరుగువాని బిడ్డది.

ప్రతిభ భగవద్దత్తమని పెద్దలు చెప్పుదురు. భగవంతుడు దానిని పంచునప్పుడు ఎకరములను లెక్కింపడు. ఆన్‌లైను దరఖాస్తు లెక్కించుచున్నది. ఆ లెక్కను సవరించుట ప్రభుత్వముయొక్క విధి. ప్రభుత్వము సవరించువఱకు చేయూతనిచ్చుట మన విధి. సర్వేలులో తొలి గురుకులము వెలసి అర్ధశతాబ్దము దాటినది. దాని నెవరికొరకు స్థాపించిరో వారి బిడ్డలు నేటికిని గడువు తేదీ తెలియక వెలుపల నిలుచుండుట మనకు తలవంపు కాదా?